హైతీలో ముఠాలను ఎవరూ ఆపలేరా?

చదువరి72:
2021 జూలైలో అధ్యక్షుడు జోవెనెల్ మొయిస్‌ని ఇంట్లోనే కాల్చి చంపారు. 2024 మార్చిలో ముఠాలు రాజధాని పోర్ట్-ఓ-ప్రిన్స్‌లో జైలు మీద పడి వేలమంది ఖైదీలను బయటికి వదిలేశాయి. కెన్యా వెళ్లిన ప్రధాని ఆరియల్ ఆన్రీ మళ్లీ దేశంలో అడుగు పెట్టలేక రాజీనామా చేశాడు. రాజధానినే రౌడీలు పట్టుకుంటే పోలీసులు ఏం చేస్తున్నట్టు? తెలిసినవాళ్లు చెప్పండి.

తీరంగాలి:
ఆ ముఠాలేం ఊడిపడలేదండీ. పేటల్లో ఓట్లు వేయించడానికి, ప్రత్యర్థుల సభలు చెడగొట్టడానికి నాయకులే డబ్బూ తుపాకులూ ఇచ్చి పెంచారు. సరుకు కాపాడుకోవడానికి కొందరు పెద్ద వ్యాపారులూ వాళ్లనే పట్టుకున్నారు. ఇప్పుడు ఏకు మేకై కూర్చుంది. 'బార్బెక్యూ' అని పిలిచే ముఠా నాయకుడు జిమ్మీ షెరిజియే ఒకప్పుడు పోలీసే. 2022లో అతని ముఠాలు వారో ఇంధన డిపో దారి మూసేస్తే దాదాపు రెండు నెలలు ఆసుపత్రుల్లో జనరేటర్లకు డీజిల్ దొరకడమే గగనమైంది.

అసలు సంపాదన రోడ్ల మీద. దక్షిణాదికి పోయే జాతీయ రహదారి మార్తిసాన్ పేట మీదుగా వెళ్తుంది. 2021 జూన్ నుంచి అక్కడ ముఠాలదే రాజ్యం. బస్సయినా లారీ అయినా ఆగి మామూలు కట్టాలి. పల్లెల్లో కూరగాయలు కొని రాజధానిలో అమ్ముకునే ఆడవాళ్లున్నారు, మదాన్ సారా అంటారు. ఆ మామూలు చివరికి వాళ్ల గంప మీదే పడుతుంది. ఆ డబ్బుతో కొనే తుపాకులు ఎక్కువగా అమెరికాలోని ఫ్లోరిడా నుంచి ఓడల్లో వస్తాయి. అమెరికా ఈ ముఠాలకు ఉగ్రవాదులని ముద్ర వేసింది గానీ, ఆ ఓడలను సరిగ్గా సోదా చేస్తే ఇంకా బాగుండేది.

పాతచరిత్ర:
ఒకప్పుడు హైతీని ఏలిన ఫ్రాన్స్, 1825లో దాన్ని స్వతంత్ర దేశంగా గుర్తించడానికి 15 కోట్ల ఫ్రాంకులు అడిగింది. బానిసత్వం నుంచి బయటపడ్డందుకు పరిహారం! తర్వాత 9 కోట్లకు తగ్గించినా, అది కట్టడానికి చేసిన అప్పుల తోక 1947 దాకా తెగలేదు. అక్కడినుంచి మొదలుపెట్టాలి.

తీరంగాలి:
కాదనను. కానీ 2016 తర్వాత ఎన్నికలు జరపకుండా నెట్టుకొచ్చింది ఫ్రాన్స్ కాదుగా! 2023 జనవరిలో చివరి 10 మంది సెనేటర్ల గడువూ అయిపోయింది. జనం ఎన్నుకున్నవాడు ఒక్కడూ మిగల్లేదు.

చదువరి72:
మరి సైన్యం? సాయానికి వచ్చిన కెన్యా పోలీసులు?

తీరంగాలి:
కుట్రలు చేస్తోందని సైన్యాన్ని 1995లో అప్పటి అధ్యక్షుడు అరిస్టీడ్ రద్దు చేశాడు. 2017లో మళ్లీ పెట్టినా చాలా చిన్నది. కెన్యావాళ్లు 2024 జూన్‌లో దిగారు. వివిధ దేశాల నుంచి మొత్తం 2,500 మంది రావాల్సి ఉండగా, అందులో సగం కూడా రాలేదు. డబ్బిచ్చే దేశాలు కరువు మరి.