పూజలో పాత కీర్తనలా, కొత్త వర్షిప్ పాటలా? మా విచారణలో (పారిష్‌లో) ఎటూ తేలడం లేదు

గాయకబృందం_గుంటూరు
అందరికీ నమస్కారం. మాది గుంటూరు వైపు ఒక కతోలిక విచారణ. గాయక బృందంలో కీబోర్డు వాయిస్తాను, ఈ మధ్య పాటలు ఎంచే పని కూడా నా మీదే పడింది. మా ఊళ్లో ఆదివారం పెద్దపూజకి హార్మోనియం, తబలా, పాత కీర్తనలు, ఇదే ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. యూత్ వాళ్లకి అది సాగదీసినట్టుగా ఉందట, యూట్యూబ్‌లో విన్న వర్షిప్ పాటలు, గిటార్, రిథమ్ ప్యాడ్ కావాలంటున్నారు. క్రిస్మస్‌కి అలాగే చేశాం. కుర్రాళ్లు బాగా వచ్చారు, కానీ ముందు వరసల్లో కూర్చునే అమ్మమ్మలు ఒక్క పాటకీ గొంతు కలపలేదు, పూజయ్యాక సంఘపెద్దలు వచ్చి ఇది గుడా, కచేరీనా అని నిలదీశారు. ఫాదర్ గారు కొత్తగా వచ్చారు, మీలో మీరు మాట్లాడుకుని రండి అన్నారు. సగం పాతవి, సగం కొత్తవి అని పంచేస్తే గొడవ తీరుతుందా? తపస్సుకాలం (ఈస్టరుకి ముందు వచ్చే ఉపవాస దినాలు) మొదలయ్యే విభూది బుధవారం దగ్గరపడుతోంది, ఈలోగా ఏదో ఒకటి తేల్చుకోవాలని టెన్షన్‌గా ఉంది. మీ దగ్గర ఎలా చేస్తున్నారో చెప్పండి.

పూజగ్రంథం
చెల్లీ, సగం సగం పంపకం వద్దు. పాట ఎప్పటిదన్నది తర్వాత చూడొచ్చు, ముందు అది పూజలో ఏ చోట వస్తుందో చూడండి. 'ప్రభువా దయచూపుము', మహిమ గీతం, 'పవిత్రుడు', 'దేవుని గొర్రెపిల్ల', ఇవి పూజలో భాగమే, వీటి మాటలు తీసేసి వేరే పాట పెట్టే హక్కు పాతవాళ్లకీ లేదు, యూత్‌కీ లేదు. రోమను పూజగ్రంథం సాధారణ నియమాల్లో 53, 366 పేరాలు ఒకసారి మీ ఫాదర్ గారితో కలిసి చదవండి. మాటలు అవే ఉంచి కొత్త రాగం కట్టుకోవచ్చు, మీ యూత్‌లో ప్రతిభ ఉన్నవాళ్లకి నిజమైన పని అక్కడుంది. ప్రవేశం, కానుకల సమర్పణ, దివ్యసత్ప్రసాదం (కమ్యూనియన్), ఈ మూడు చోట్లా పాట ఎంచుకునే వీలు ఎక్కువ.

తపస్సుకాలం సంగతి ఇంకా తేలిక. మహిమ గీతం ఆదివారాల్లో ఉండదు, అల్లెలూయ అసలే ఉండదు, వాయిద్యాలు పాటకి ఊతంగా మాత్రమే మోగాలని 313వ పేరా చెబుతోంది (నాలుగో ఆదివారానికీ, మహోత్సవాలకీ, పండుగలకీ మినహాయింపు ఉంది). అంటే ప్యాడ్ సోలోలతో పాటు హార్మోనియం మీద పొడుగాటి రాగాలాపన కూడా ఆగాలి. రెండు వైపులకీ ఒకే నియమం కదా, అక్కడినుంచి మొదలుపెడితే ఎవరూ ఓడిపోయినట్టు అనుకోరు.

ఇంకో మాట. 1963 డిసెంబరు 4న రెండో వాటికన్ మహాసభ ఇచ్చిన ఆరాధన శాసనంలో గ్రెగోరియన్ గానానికి (పాత లాటిన్ పూజ పాటలకి) మొదటి స్థానం ఇస్తూనే, 119వ పేరాలో మిషన్ దేశాల ప్రజల సొంత సంగీతానికి తగిన గౌరవం ఇవ్వాలన్నారు. మన కీర్తనకి పూజలో ఉన్న బలం అదే. పదో భక్తినాథ (పయస్) పాపుగారు 1903లో గుడిలో పియానో, డ్రమ్ములు వద్దన్నారు. 1967లో రోము నుంచి వచ్చిన సూచనలు ఆ ప్రజల సంస్కృతిని బట్టి వాయిద్యాలు చూసుకోమన్నాయి, లౌకిక సంగీతానికే తగినవని అందరూ అనుకునేవాటిని మాత్రం బయటే ఉంచమన్నాయి. కాబట్టి రిథమ్ ప్యాడ్‌ని పేరు చూసి తోసెయ్యలేం. అందులో ఏ బీటు వాడుతున్నారు, జనం గొంతు వినబడుతోందా లేదా, అది చూడాలి.

పాతకీర్తన
అమ్మాయ్, నేను ముప్పయ్యేళ్ల పైనుంచి తబలా వాయిస్తున్నాను. మీ అమ్మమ్మలు పాడనిది కోపంతో కాకపోవచ్చు, అందక కూడా కావచ్చు. రికార్డింగులో గాయకుడు పాడిన శ్రుతిలోనే మీవాళ్లు పాడితే అరవై దాటిన గొంతు ఎలా అందుకుంటుంది? ట్రాక్‌ని పక్కనపెట్టి రెండు మెట్లు దించండి, అప్పుడు చూడండి.

కీర్తన బలం పాతదనంలో లేదు, దాని అల్లికలో ఉంది. పల్లవి అందరిదీ, చరణం ఒకరిది. చదువు రాని మనిషి కూడా పల్లవి పట్టుకుంటే పూజలో పాలుపంచుకున్నట్టే. తెర మీద నాలుగేసి చరణాలు చూపించి, ప్రతి లైనుకీ వేరే మలుపు ఉన్న పాట పెడితే చదువుకున్నవాళ్లు కూడా వింటూ కూర్చుంటారు. అలాగని బయటి పాటలు వద్దని నేను అనను. మా గుడిలో పాడే కీర్తనల్లో కొన్ని పురుషోత్తమ చౌదరి గారివి (1803–1890), ఆయన కతోలికుడు కాడు. మా నాన్నగారి తరంలో పూజంతా లాటిన్‌లోనే జరిగేది, తెలుగులోకి మారినప్పుడు గుడి గౌరవం పోయిందని బాధపడ్డవాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు. సంప్రదాయమని మేం పట్టుకున్న హార్మోనియం కూడా ఐరోపా నుంచి వచ్చిందే. ఈ సంగతి మీ పెద్దమనుషులకి మెల్లగా, మర్యాదగా చెప్పండి, వింటారు.

గిటార్_ఖమ్మం
బాబాయ్ గారు చెప్పిన శ్రుతి మాట నిజం. కానీ యూత్ తరఫున ఒకటి చెప్పాలి. మమ్మల్ని చప్పుడు చేసేవాళ్లుగానే చూస్తే మా ఫ్రెండ్స్ పాటల కోసం వేరే ప్రార్థన కూటాలకి వెళ్లిపోతున్నారు, తర్వాత వెనక్కి రావడం లేదు. ఇది నన్ను చాలా బాధపెట్టే విషయం.

మా విచారణలో చేస్తున్నది ఇది: నెలకి ఒక్క కొత్త పాట. పూజకి పది నిమిషాల ముందు పల్లవి అందరికీ నేర్పిస్తాం, ఆ నెలంతా అదే పాట. నెల తిరిగేసరికి పెద్దవాళ్లు మాకంటే గట్టిగా పాడుతున్నారు. పాట ఎంచేటప్పుడు రాగం ఎంత బాగున్నా మాటలు ఫాదర్ గారికి చూపించాకే తీసుకుంటాం, ఎందుకంటే దివ్యసత్ప్రసాదం తీసుకునే సమయంలో ఆ ప్రసాదం ఊసే లేకుండా 'నా కష్టం, నా గెలుపు' అని సాగే పాటలు చాలా ఉన్నాయి. అవి చెడ్డవని కాదు, యూత్ ప్రార్థనలో పాడుకుంటాం. డ్రమ్ములు ఊరేగింపుల్లో, తిరునాళ్లలో వాయిస్తాం, అక్కడ ఎవరూ అడ్డు చెప్పరు.

కువైట్_తెలుగు
ఇక్కడ తెలుగు పూజకి కడప, నల్గొండ, విశాఖ ఎక్కడెక్కడి వాళ్లో వస్తారు, ఒకే పాటకి ఊరికో రాగం. అందరూ కలిసి పాడగలిగేవి ఎక్కువగా అమృతవాణి (సికింద్రాబాదులోని కతోలిక ప్రసార కేంద్రం) క్యాసెట్ల కాలం నాటి పాటలే. పిల్లలకి అవి నేర్పకపోతే రేపు పరాయి దేశంలో నలుగురు కలిసినప్పుడు పాడుకోవడానికి ఒక్క పాట కూడా ఉమ్మడిగా ఉండదు.

గాయకబృందం_గుంటూరు
అందరికీ చాలా థ్యాంక్స్. 313వ పేరా ఫాదర్ గారికి చూపించాను, తపస్సుకాలం అంతా ప్యాడ్ వాయించకూడదని యూత్ కూడా ఒప్పుకున్నారు, కీబోర్డు కూడా పాటకి ఊతంగానే. సిలువ మార్గానికి పాత కీర్తనలే, వాటి చరణాలు ఈసారి కుర్రాళ్లు పాడతారు. పాస్క (ఈస్టరు) నుంచి నెలకి ఒక కొత్త పాట. 'దేవుని గొర్రెపిల్ల'కి మాటలు మార్చకుండా తేలిగ్గా అందుకునే కొత్త రాగం ఎవరైనా కట్టి ఉంటే స్వరాలు రాసి ఇక్కడ పెట్టండి, శ్రుతి కిందికి ఉండేలా చూడండి.