బఫెలోలో మా అమ్మాయికి ఇది తొలి శీతాకాలం: విశాఖ నుంచి ఏమి పంపాలి?

ప్రశ్న (పెదవాల్తేరు నుంచి ఒక తండ్రి)

అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఎం.ఎస్. చదవడానికి ఆగస్టులో న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో వెళ్లింది. జనవరి తెల్లవారుజామున శాలువా కప్పుకుని బీచ్ రోడ్డులో నడవడమే మా ఇంట్లో అందరికీ తెలిసిన చలి. అక్కడ మోకాలి లోతు మంచు పడుతుందని విన్నప్పటి నుంచి మా ఆవిడకు బెంగ పట్టుకుంది. తెలిసినవారు వచ్చే నెల అక్కడికి వెళుతున్నారు కనుక, లంబసింగి ప్రయాణానికి కొన్న ఉన్ని స్వెటర్లు, మంకీ క్యాప్ పంపుదామనుకుంటున్నాం. అవి సరిపోతాయా? కోటు, బూట్లు కూడా ఇక్కడే కొనాలా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (సీతమ్మధార, గతంలో బఫెలో నివాసి)

నమస్కారమండీ. స్వెటర్లు పంపండి, గదిలో వేసుకోవడానికి పనికివస్తాయి. కోటు, బూట్లు మాత్రం అమ్మాయినే అక్కడ కొనుక్కోమనండి, అదీ మంచు మొదలయ్యేలోపు. మన దుకాణాల్లో దొరికేవి ఏజెన్సీ చలికి చాలుతాయి గాని, సున్నాకు పది పదిహేను డిగ్రీల దిగువన వీచే గాలికి ఆగవు. మైనస్ 15 డిగ్రీలున్న రోజున గంటకు 30 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి అది మైనస్ 26 లాగా తగులుతుంది. అలాంటి గాలికి చెవులు, ముక్కు కొస, వేళ్లు కాసేపు తెరిచి ఉన్నా మొదట మొద్దుబారి, తర్వాత చర్మమే గడ్డకట్టే ప్రమాదం ఉంది.

అన్నిటికన్నా ముఖ్యం ఒంటిని అంటి ఉండే బట్ట. నూలు బనియన్ చెమటను పీల్చుకుని తడిగానే ఉండిపోతుంది, ఆ తడి ఒంట్లోని వేడిని లాగేస్తుంది. అందుకే లోపల మెరీనో ఉన్నితో గాని పాలియెస్టర్‌తో గాని చేసిన థర్మల్స్, వాటిపైన ఫ్లీస్ (మెత్తటి నూగు ఉండే వెచ్చని బట్ట) జాకెట్టు, అన్నిటికీ పైన గాలినీ తడినీ ఆపే కోటు వేసుకోవాలి. మందమైన మేజోళ్లు తొడిగాక కూడా బూటులో కాలివేళ్లు కదలాలి. బిగుతుగా ఉంటే రక్తం సరిగా ఆడక కాళ్లు ఇంకా త్వరగా చల్లబడతాయి.

బఫెలోలో అంత మంచు పడడానికి కారణం ఈరీ సరస్సు. ఇంకా గడ్డకట్టని ఆ నీటి మీదుగా వచ్చే చల్లటి గాలి తేమను మోసుకొచ్చి ఒడ్డున మంచుగా కుమ్మరిస్తుంది. ఆ మంచు సన్నని పట్టీలుగా కురుస్తుంది కాబట్టి ఒక పేటలో ఎండ కాస్తుంటే పక్క పేటలో దారే కనిపించకపోవచ్చు. 2022 నవంబరులో దక్షిణపు శివార్లలో ఆరడుగులకు మించి పడింది. అదే ఏడాది క్రిస్మస్ తుపానులో ఆ ప్రాంతంలో నలభై మందికి పైగా చనిపోయారు. వారిలో కొందరు దారిలో కార్లలో చిక్కుకుపోయినవారే.

జవాబు (గాజువాక)

పైవారు చెప్పినదానికి ఒక్క మాట కలుపుతాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు కరెంటు, నీళ్లు, పాలు లేక మనం పడిన పాట్లు మీకు తెలిసే ఉంటాయి. మంచు తుపాను హెచ్చరికనూ అలాగే చూడమనండి. హెచ్చరిక వచ్చాక పరీక్ష ఉన్నా, పని ఉన్నా స్నేహితుల కారెక్కి బయలుదేరకూడదు. నాలుగు రోజులకు సరిపడా బియ్యం, పప్పు, తాగునీరు, మందులు, టార్చి, ఛార్జ్ చేసిన పవర్ బ్యాంకు గదిలో ముందే ఉండాలి.

జవాబు (మధురవాడ నుంచి ఒక తల్లి)

అమ్మాయి కదా, తలస్నానం చేసి తడి జుట్టుతో బస్ స్టాపుకు వెళ్లవద్దని గట్టిగా చెప్పండి, ఆ చలికి వెంట్రుకలు పుల్లల్లా బిగుసుకుపోతాయి. హీటరు వల్ల గదిలో గాలి పొడిబారి పెదవులు, మడమలు పగులుతాయి. వాజిలైన్ పంపండి. కొబ్బరినూనె కూడా పంపవచ్చు గాని అది అక్కడ ఎప్పుడూ గడ్డకట్టే ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. కోటుకు, బూట్లకు డబ్బు పంపుతాను. కరెంటు పోతే హీటరు పనిచేస్తుందా?

జవాబు (సీతమ్మధార)

చాలా ఇళ్లలో గ్యాస్ హీటరైనా, వేడిగాలిని గదుల్లోకి నెట్టే ఫ్యాన్ కరెంటుతోనే తిరుగుతుంది కనుక అది కూడా ఆగిపోతుంది. అప్పుడు అందరూ ఒకే గదిలో చేరి, తలుపుల సందుల్లో తువ్వాళ్లు కుక్కి, దుప్పట్లు కప్పుకోవాలి. వేడి కోసం గ్యాస్ పొయ్యి వెలిగించి ఉంచడం గాని, ఇంట్లో బొగ్గులు రాజేయడం గాని, గ్యారేజీలో కారు ఆన్ చేసి కూర్చోవడం గాని ఎన్నడూ చేయకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, మనిషి నిద్రలోనే పోతాడు. గదిలో దాన్ని పసిగట్టే అలారం ఉందో లేదో, ఉంటే పనిచేస్తోందో లేదో ఈ వారమే బటన్ నొక్కి చూడమనండి.