నాలుగేళ్ల పిల్ల ఆకుకి నీలం రంగు వేస్తే దిద్దాలా?

ఎడిసన్ అమ్మ:
అక్టోబరు కదా, ఇక్కడ న్యూజెర్సీలో, మా ఎడిసన్ ఊళ్లో ప్రీస్కూళ్లన్నీ రాలే ఆకుల మీదే పడ్డాయి. నిన్న మా పాప తెచ్చిన మేపుల్ ఆకు బొమ్మలో నారింజ రంగు ఎక్కడా గీత దాటలేదు. ముచ్చటపడి "నువ్వే వేశావా?" అన్నాను. "కాదు, నాది నీలం ఆకు. మిస్ ఇంకోటి ఇచ్చింది" అంది. బ్యాగు అడుగున నలిగిపోయి దొరికింది ఆ నీలం ఆకు. రంగులు మారడం నేర్పడానికే ఇదంతా అంటారు టీచరు. నాకైతే గోడకి అతికించుకోవడానికే చేయించినట్టుంది.

పాత నర్సరీ టీచర్:
ఆవిణ్ణి అంత తీసిపారేయకండి. పదిహేనుమంది పిల్లలు, ఇరవై నిమిషాల టైమ్. ఆకు గీసివ్వకపోతే సగంమంది కాగితాల నిండా మట్టిరంగే. "మావాడు వేసింది ఇదేనా?" అని సాయంత్రం అడిగేదీ తల్లులే. కాకపోతే, వేసినదాన్ని పక్కనపెట్టి ఇంకోటి ఇవ్వడం తప్పే.

హనుమకొండ తాత:
బిడ్డా, చెట్టు కింద నిజం ఆకులుండగా బొమ్మ ఆకు ఎందుకు? మా ఇంటిముందు బాదం చెట్టు ఆకులు రాలేముందు ఎర్రబడతాయి. వాటితో మనవడి చేత అచ్చులు వేయించాను. ఈనెలు తేలిన వెనకవైపు పోస్టర్ కలర్ పల్చగా పూసి, కాగితం మీద బోర్లించి, పైన పాత పేపరు వేసి అరచేత్తో ఒత్తాలి. రంగు ఎక్కువైతే ఈనెలు పూడిపోయి మరకే మిగులుతుంది. గలగలలాడే ఎండుటాకు పొడైపోతుంది, కొంచెం పదునున్నదే తీసుకోవాలి. వాడు మొదటిది చింపాడు, మూడోది కుదిరింది. అన్నట్టు, బతుకమ్మకి తెల్లటి గునుగు పూలని మేం నీలం, గులాబీ రంగుల్లో ముంచుతాం. పువ్వు నీలంగా ఉందేమని ఎవరూ అడగరు!

పాత నర్సరీ టీచర్:
అది అలంకారమండీ, ఇది సైన్సు. పత్రహరితం తగ్గితే లోపల దాగిన పసుపు బయటపడుతుంది. మేపుల్‌లో ఎరుపు మాత్రం అప్పుడే కొత్తగా తయారవుతుంది. నాలుగేళ్ల పిల్లలకి ఇదంతా చెప్పలేం, రంగైనా సరిగ్గా చూపించొద్దా?

ఎడిసన్ అమ్మ:
చూపించాలంటే ఆకు ఉంది కదా! ఇవాళ పార్కులో ఏరుకొచ్చాం. ఒకే ఆకులో ఆకుపచ్చ, పసుపు, ఎరుపు ఎక్కడెక్కడున్నాయో పాపే వేలుపెట్టి చూపించింది. ఆ తర్వాత దాని వెనక ఏ రంగు పూసిందో వేరే చెప్పాలా? బాబాయిగారూ, తొడిమ అడ్డొచ్చి అచ్చు సరిగా పడట్లేదు. తుంచేయనా?

హనుమకొండ తాత:
తుంచకు బిడ్డా. ఆకుని మెల్లగా పైకెత్తడానికి పిల్లలకి అదే పిడి.