'తొలి ఉపాధ్యాయుడు' చదివాక నా స్పందన రాయలేకపోతున్నాను

జీడితోట (ప్రశ్న):

నేను శ్రీకాకుళంలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మాది మందస మండలంలో కొండ కింద ఊరు. మా తెలుగు మేడమ్ చింగీజ్ ఐత్మాతోవ్ నవల 'తొలి ఉపాధ్యాయుడు' చదవమని ఇచ్చి, కథ తిరగరాయవద్దు, అది మిమ్మల్ని ఏం చేసిందో రాయండి అన్నారు. నాలుగు పేజీలు. సోమవారానికల్లా ఇవ్వాలి. మూడుసార్లు మొదలుపెట్టాను, మూడుసార్లూ చింపేశాను.

చదవనివారి కోసం కాస్త చెబుతాను. కిర్గిజ్ దేశంలో కుర్కురేవు అనే పల్లె. 1924లో దూయిషేన్ అనే యువకుడు సిపాయి కోటు వేసుకుని వచ్చి, గుట్ట మీద పాడుబడ్డ గుర్రాల కొట్టాన్ని బాగుచేసి బడి పెడతాడు. అతనికే కూడబలుక్కుని చదవడం తప్ప రాదు. చేతిలో పాఠ్యపుస్తకం ఒక్కటీ లేదు. చలికి పిల్లలు వాగు దాటలేకపోతే, తానే ఉత్త కాళ్ళతో మంచునీళ్ళలోకి దిగి వాళ్ళను ఎత్తుకుని దాటిస్తాడు. గుర్రాల మీద వెళ్ళే డబ్బున్నవాళ్ళు అది చూసి నవ్వుతారు. తల్లీదండ్రీ లేని అల్తినాయ్ అనే పిల్లను పిన్ని ఎవరికో రెండో భార్యగా అమ్మేస్తే, అడ్డుపడి దెబ్బలు తిని, చెయ్యి విరగ్గొట్టించుకుని, చివరికి ఆమెను విడిపించి తాష్కెంట్‌కు చదువుకు పంపుతాడు. ఆమె పెద్ద పండితురాలవుతుంది. ఎన్నో ఏళ్ళకు అదే ఊళ్ళో కొత్త బడి ప్రారంభానికి ముఖ్య అతిథిగా వస్తుంది. విందు జరుగుతుండగా శుభాకాంక్షల టెలిగ్రాములు వస్తాయి. తెచ్చిన ముసలి పోస్టుమాన్ దూయిషేనే. తనకే చదువు సరిగా రానివాడు మనకు చదువు చెప్పాడని అక్కడున్నవాళ్ళు తలుచుకుని నవ్వుకుంటారు. అతను లోపలికి రాడు, ఇంకా పంచవలసిన ఉత్తరాలున్నాయని వెళ్ళిపోతాడు.

ఇక్కడికి వచ్చేసరికి నా చెయ్యి ఆగిపోతోంది. ఆ నవ్వుల మధ్య అల్తినాయ్ తల వంచుకుని కూర్చుంటుంది. ఒక్క మాట అనదు. తర్వాత తన కథంతా ఒక చిత్రకారుడికి ఉత్తరంగా రాస్తుంది.

మా ఊరి బడిలో నాకు ఐదో తరగతి దాకా చెప్పింది ఒక విద్యా వలంటీరు. ఇంటర్ చదివారు, అంతే. మాకు కథల పుస్తకాలు లేవు. సంతకు వెళ్ళి వచ్చిన ప్రతిసారీ ఆయన ఎండుచేపలు కట్టిన కాగితాలు, బెల్లం పొట్లాల కాగితాలు దాచి తెచ్చేవారు. ముడతలు పడ్డ కాగితాన్ని తొడ మీద పెట్టుకుని, అరచేత్తో మెల్లగా సాపు చేసి మా ముందు పరిచేవారు. అది చిరిగిన పేపరు ముక్క కాబట్టి వార్త సగంలోనే ఆగిపోయేది. "చివర ఏమై ఉంటుంది?" అని అడిగేవారు. ఒక్కొక్కరం ఒక్కో ముగింపు చెప్పాలి. నాకు చదవడం అలా వచ్చింది. ఇప్పటికీ పాత పేపరు ముట్టుకుంటే ఎండుచేపల వాసన వస్తున్నట్టే ఉంటుంది.

ఆయన 'శ'నూ 'ష'నూ 'స'గానే పలికేవారు. మేమూ అంతే. ఆరో తరగతికి పట్నం బడిలో చేరాక మొదటి వారంలోనే నన్ను నిలబెట్టి పాఠం చదివించారు. నేను 'శంఖం' అన్న మాటను 'సంకం' అని చదివాను. తరగతి అంతా నవ్వింది. నీకు ఎవరు నేర్పారని అడిగితే, "మా ఊళ్ళో చదువు రాని మాస్టారండీ" అన్నాను. ఇంకా నవ్వారు. ఆ నవ్వులో నేనూ కలిశాను. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

మొన్న వేసవిలో బస్సులో వెళుతుంటే కాశీబుగ్గలో ఆయన కనిపించారు. జీడిపిక్కల బస్తా దించుతున్నారు. వేళ్ళు, అరచేతులు జీడి నూనెకు నల్లగా మాడిపోయినట్టున్నాయి. నన్ను చూసి చెయ్యి ఎత్తారు. నేను ఫోనులోకి తల దించుకున్నాను.

నేను అడగాలనుకున్నది ఇది. అల్తినాయ్ తన సిగ్గంతా ఉత్తరంగా రాసింది కదా, ఆ ఉత్తరం దూయిషేన్‌కు కాకుండా ఒక చిత్రకారుడికి ఎందుకు రాసింది? నేను నా సంగతి మేడమ్‌కు రాసి ఇస్తే అదీ అలాంటిదే అవుతుందా?

పూల్‌బాగ్ మాస్టారు:

అమ్మా, నేను విజయనగరం జిల్లాలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి రిటైరయ్యాను. అందులో తొమ్మిదేళ్ళు ఏకోపాధ్యాయ పాఠశాల.

నీ ప్రశ్నకు నాకు తోచిన జవాబు ఇది. నవ్వింది విందులో పదిమందీ కలిసి. కాబట్టి నిజం పదిమందికీ తెలియాలి. ఆ చిత్రకారుడు ఆ ఊరివాడే, కొత్త బడికి దూయిషేన్ పేరు పెట్టమని తానే వచ్చి అడుగుతానని కూడా అల్తినాయ్ రాస్తుంది. ఇంట్లో కూర్చుని దూయిషేన్‌కు క్షమించమని రాస్తే ఆ ఊరికి ఏం తెలుస్తుంది?

'సంకం' గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. గిడుగు రామమూర్తి పంతులు గారు 1863లో పుట్టింది మీ జిల్లాలోనే, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో. పర్లాకిమిడిలో టీచరుగా ఉంటూ సవర గిరిజనులకు చదువు చెప్పాలనుకున్నప్పుడు, ముందు తానే సవర భాష నేర్చుకున్నారు. వాళ్ళ కోసం సొంత డబ్బుతో బడులు నడిపారు. తర్వాత జీవితమంతా జనం మాట్లాడే తెలుగే పుస్తకాల్లో ఉండాలని పోరాడారు. ఆయన పుట్టిన నేల మీద ఒక పిల్ల తన ఊరి పలుకు పలికితే తరగతి నవ్విందంటే, తప్పు ఆ పిల్లదీ కాదు, ఆమె మాస్టారుదీ కాదు. ఒత్తులూ శ, ష, సలూ నెల రోజుల్లో ఎవరైనా దిద్దగలరు. చిరిగిన కాగితానికి ముగింపు చెప్పించడం నాకు ఇన్నేళ్ళలో ఒక్కసారీ తట్టలేదు తల్లీ.

నాగావళి ఒడ్డు:

నేను మాస్టారుతో సగమే ఏకీభవిస్తాను. ఒక సంగతి మరిచిపోతున్నాం. అల్తినాయ్ అంతకుముందు దూయిషేన్‌కు రాయలేదా? చదువుకునే రోజుల్లో రాసింది, ప్రేమిస్తున్నానని కూడా రాసింది. అతను జవాబివ్వలేదు. ఆమె చదువుకు తాను అడ్డు కాకూడదనుకున్నాడని నేను అర్థం చేసుకున్నాను. యుద్ధం అయిపోయాక రైల్లో వెళుతూ, పట్టాల పక్కన నిలబడ్డ ఒక మనిషిని చూసి దూయిషేనే అనుకుని గొలుసు లాగి బండి ఆపేసే ఘట్టం గుర్తుందా? దిగి పరుగెత్తి చూస్తే వేరే మనిషి. కాబట్టి ఆమె మరిచిపోయిన మనిషి కాదు. అంత వెతికిన మనిషి, అతను గుమ్మం దాకా వచ్చిన రోజు లేచి నిలబడలేకపోయింది. నాకు ఆ పుస్తకంలో అన్నిటికంటే బాధ కలిగించేది అదే.

అందుకే చెల్లీ, నీకు నా సలహా వేరు. అల్తినాయ్‌కు లేని వీలు నీకుంది. శ్రీకాకుళం నుంచి కాశీబుగ్గకు బస్సులో రెండు గంటల పని. ముందు ఆయన దగ్గరకు వెళ్ళు. ఆ తర్వాత రాస్తావో మానేస్తావో నీ ఇష్టం. ఆయనను అడగకుండా మాత్రం మేడమ్‌కు ఇవ్వకు. ఆయన చేతుల గురించి రాస్తున్నావు కదా, ఆ చేతులు ఆయనవి.

ఒక చిన్న విషయం, ఊరికే గుర్తొచ్చింది. మన కారా మాస్టారు, అంటే కథకుడు కాళీపట్నం రామారావు గారు, పుట్టింది 1924లోనే, దూయిషేన్ బడి పెట్టిన ఏడాది. ఆయనా విశాఖలో లెక్కల మాస్టారుగా పనిచేసినవారే. 1997లో శ్రీకాకుళంలో కథానిలయం పెట్టి, తెలుగు కథలు ఎక్కడెక్కడ చిరిగిపోతున్నాయో వెతికి తెచ్చి దాచారు. మీ మాస్టారి పొట్లాల కాగితాలు చదువుతుంటే నాకు అదే తలపుకు వచ్చింది.

బి.ఎడ్. విద్యార్థి:

ఆయన పేరు, ఊరి పేరు రాయవద్దు, తెలిసినవాళ్ళు ఇట్టే పోల్చుకుంటారు. మిగతాదంతా రాయండి. 'చదువు రాని మాస్టారండీ' అన్న వాక్యాన్ని మాత్రం మెత్తబరచకుండా అన్నది అన్నట్టే రాయండి.

జీడితోట:

అందరికీ నమస్కారం. మాస్టారూ, మీ జవాబు మా అమ్మకు చదివి వినిపించాను. అన్నా, మీరు చెప్పినట్టే శనివారం వెళ్ళాను.

రాత్రి కూర్చుని నాలుగు పేజీలూ రాసి వెంట తీసుకెళ్ళాను, నోటితో చెప్పగలనన్న నమ్మకం లేక. మధ్యాహ్నం భోజనాల వేళ ఆయన షెడ్డు బయట వేపచెట్టు కింద కూర్చుని ఉన్నారు. నా పేరు నేను చెప్పకముందే ఆయనే చెప్పారు. కాగితాలు ఇవ్వబోతే, "ఉండమ్మా, అంటుకుంటుంది" అని లేచి వెళ్ళి బూడిదతో చేతులు తోముకుని వచ్చారు. అయినా నలుపు పోలేదు. చేతులు లుంగీకి తుడుచుకుని, కాగితాలు తొడ మీద పెట్టుకుని, అరచేత్తో ఒకసారి సాపు చేశారు. అవి ముడతలు పడ్డ కాగితాలు కావు.

మెల్లగా, పెదవులు కదుపుతూ చదివారు. పట్నం బడి దగ్గరకు వచ్చినప్పుడు నేను నేల చూస్తూ కూర్చున్నాను. ఆయన ఆగలేదు. బస్సు దగ్గర మాత్రం ఆగి, "ఆ రోజు ఎండకి నువ్వు చూడలేదనుకున్నాను" అన్నారు. చూశానని చెప్పాను. తల ఊపి మిగతాది చదివారు.

చదవడం అయ్యాక నేనేదో అనబోతే, వాగు దాటించిన ఆ మాస్టారి గురించి అడిగారు. ఆయనకు జీతం ఇచ్చేవారా, పెళ్ళయిందా, కొట్టానికి కప్పు దేంతో వేశారు అని. అన్నిటికీ జవాబు చెప్పలేకపోయాను. ఈసారి వచ్చేటప్పుడు పుస్తకం తెమ్మన్నారు.

నా నాలుగు పేజీలూ నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టేసుకున్నారు. తిరిగి ఇవ్వమని అడగలేదు. ఇప్పుడు రాత్రి పదకొండయింది, సోమవారం కోసం మళ్ళీ మొదటి నుంచి రాస్తున్నాను.