భాగం దావా ముగింపుకు వచ్చాక ఆడబిడ్డ వాటా అడగడం న్యాయమేనా?

మైదుకూరు రైతు:
మా తాతగారి ఆరెకరాల కోసం నాన్న, చిన్నాన్న 1993లో మొదలుపెట్టిన భాగం దావాలో ప్రాథమిక డిక్రీ (ఎవరికెంత వాటానో తేల్చే తీర్పు) వచ్చి, కోర్టు పంపిన కమిషనరు పొలం కొలిచి వెళ్ళాక, 1981లో పెళ్ళయిన మా మేనత్త తనకూ మూడో వంతు రావాలని పిటిషను వేశారు. అప్పుడు పెట్టిన బంగారం లెక్కలోకి రాదా? అయిపోవచ్చిన దావాను తిరగదోడడం ధర్మమని నాకు తోచడం లేదు.

కడప వకీలు గుమాస్తా:
ఎవరికి ఏ ముక్కో పంచి ఇచ్చే తుది డిక్రీ వచ్చేదాకా భాగం దావా అయిపోయినట్టు కాదు. హిందూ వారసత్వ చట్టానికి మన రాష్ట్రం 1986లో తెచ్చిన సవరణ, 1985 సెప్టెంబరు 5కు ముందే పెళ్ళయిన ఆడపిల్లలను పక్కన పెట్టిన మాట నిజమే. కానీ 2005 నాటి కేంద్ర సవరణలో ఆ మినహాయింపు లేదు, తండ్రి అప్పటికి బ్రతికి ఉండాలన్న వాదనను కూడా సుప్రీంకోర్టు 2020లో తోసిపుచ్చింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు పత్రంతోనో కోర్టు తుది డిక్రీతోనో పంపకం పూర్తయి ఉంటేనే మీకు రక్ష. ప్రాథమిక డిక్రీ అందుకు చాలదని 2011లో మన రాష్ట్రం నుండి వెళ్ళిన దావాలోనే తేల్చారు. బంగారం వాటాలో తగ్గించాలంటే కొడుకుల చదువుల ఖర్చు కూడా రాయవలసి వస్తుంది (ఈ మాట మా ఇంట్లో అంటే నాకు అన్నం పెట్టరు).

ఇన్నేళ్ళ ఆలస్యం ఆమె వల్ల జరిగిందా? నేను మోసిన దావా కట్టలలో ఎక్కువ కాలాన్ని తిన్నవి చావులే. ప్రతివాది పోతే 90 రోజుల్లో వారసులను చేర్చాలి, చేర్చకపోతే అతని మట్టుకు దావా రద్దవుతుంది, దాన్ని నిలబెట్టుకోవడానికి మరో పిటిషను, బెంగుళూరులోని మనవడికి నోటీసు, అది అందక తిరిగి రావడం. ఇద్దరి పేర్లతో మొదలైన కట్టకు చివరికి పద్నాలుగు పేర్ల కాగితం అతికించి ఉంటుంది.

మైదుకూరు రైతు:
చట్టం వరకు ఒప్పుకుంటాను. అయితే అది కె.సి. (కర్నూలు-కడప) కాలువ కింద పసుపు పండిన నేల. తొమ్మిది నెలల పంట కాబట్టి, నడుమ స్టే వస్తే కొమ్ము తవ్వనివ్వరేమోనన్న భయంతో కౌలుకు ఎవరూ రావడం లేదు. కాలువ ఎండిన ఏడు చిన్నాన్న అప్పు చేసి వేయించిన బోరును కూడా మూడు ముక్కలు చేస్తారా?

కడప వకీలు గుమాస్తా:
బోరున్న ముక్క ఆయనకే కేటాయించమని తుది డిక్రీ విచారణలో అడగవచ్చు. అంతకంటే సులువు, అందరూ కలిసి రాజీతో తగవు తీర్చే లోక్ అదాలత్‌కు వెళ్ళడం: అక్కడిచ్చే అవార్డు (తీర్పు) మీద అప్పీలు ఉండదు, కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది. మీ మేనత్త సంతకం లేనిదే అది కుదరదు గనుక అడుగుతున్నాను, ఆమెతో చివరిసారి ఎప్పుడు మాట్లాడారు?

మైదుకూరు రైతు:
నాన్న దినాలకు వచ్చారు. నేను పలకరించలేదు.