మర్నాడే రైలెక్కితే అది ధైర్యమేనా?

కిటికీ సీటు:
2006 జులై 11 సాయంత్రం ముంబయి వెస్టర్న్ లైన్ లోకల్ రైళ్లలో 11 నిమిషాల్లో ఏడు బాంబులు పేలాయి. అన్నీ ఫస్ట్ క్లాస్ పెట్టెల్లోనే. 180 మందికి పైగా చనిపోయారు. మర్నాడు పొద్దున్నే ఆ లైన్లో బళ్లు నడిచాయి, జనం ఎక్కారు. ఇక టీవీల్లో, పేపర్లలో ఒకటే మాట: 'ముంబయి స్పిరిట్'. ఆ మాట నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు. జనాన్ని తక్కువ చేయాలని కాదు. ఆ పొగడ్త చివరికి ఎవరికి పనికొచ్చింది అనేదే నా అనుమానం. జనం దులుపుకుని లేచారు అనగానే, ఇంత పెద్ద కుట్ర ముందే ఎందుకు పసిగట్టలేదు అనే ప్రశ్న పక్కకు పోతుంది. మీరేమంటారు?

నెలజీతం:
స్పిరిట్టూ లేదు, పాడూ లేదు. వెళ్లకపోతే జీతం కట్. అంతే.

పట్టాలపక్క:
అంత తేలిగ్గా తీసిపారేయకండి. పొద్దున సంగతి సరే, ముందురోజు రాత్రి సంగతి ఏమిటి? వర్షం. ఫోన్లు కలవడం లేదు. పట్టాల పక్క గుడిసెల్లో ఉండేవాళ్లు ఇళ్లలోంచి దుప్పట్లు తెచ్చి, గాయపడ్డవాళ్లను వాటిలో వేసుకుని, నాలుగు కొసలూ పట్టుకుని మోశారు. ఫస్ట్ క్లాస్ పెట్టెలో జన్మలో కాలు పెట్టనివాడు ఫస్ట్ క్లాస్ పాస్ ఉన్న మనిషిని మోశాడు. వాడికి ఏ జీతం కట్ అవుతుందని వెళ్లాడు?

నెలజీతం:
ఆ రాత్రికి దణ్ణం పెడతాను. నేనన్నది పొద్దున గురించి.

లెక్కలమాస్టారు:
ధైర్యమా, గతిలేకనా అని కొట్టుకుంటున్నారు గానీ, రైలు మానేస్తే ఏమవుతుందో ఎవరూ అనడం లేదు. 2001 సెప్టెంబర్ 11 తర్వాత అమెరికాలో చాలామంది విమానాలు మానేసి కార్లలో తిరిగారు. గెర్డ్ గిగరెంజర్ అనే జర్మన్ సైకాలజిస్టు లెక్క ప్రకారం, ఆ ఏడాది కాలంలో దానివల్ల రోడ్ల మీద అదనంగా దాదాపు 1,500 మంది పోయారు. బాంబుకు దొరకనివాళ్లు భయానికి దొరికారు. ముంబయి లోకల్ రైళ్ల సంగతే చూడండి. పట్టాలు దాటుతూ, తలుపు దగ్గర వేలాడుతూ జారిపడి, మామూలు ఏడాదిలో దాదాపు రెండు వేల మంది చనిపోతారు. ఆ మాటకు ఎవరూ రైలు మానరు. కాబట్టి మర్నాడు ఎక్కినవాడు ధీరుడో కాదో నాకు తెలియదు, లెక్క తెలిసినవాడు మాత్రం అవును.

కిటికీ సీటు:
మాస్టారూ, జారిపడితే అది ప్రమాదం. ఇది ఎవరో కావాలని, మనం ఇంటికెళ్లే టైమ్ చూసుకుని మరీ చేసిన పని. రెండూ ఒకే తక్కెడలో వేస్తే ఎలా?

లెక్కలమాస్టారు:
వేయను. కానీ ఆ రెండు వేల మంది కోసం ఎవరూ కొవ్వొత్తులు వెలిగించరని మాత్రం గుర్తుచేస్తాను.

దూరపుచూపు:
ధైర్యం, నిస్సహాయత, ఈ రెండేనా? మూడో దారి స్పెయిన్‌లో మాడ్రిడ్ వాళ్లు చూపించారు. 2004 మార్చి 11, గురువారం. నాలుగు లోకల్ రైళ్లలో పది బాంబులు, 190 మందికి పైగా మృతులు. ఆదివారం ఎన్నికలు. ప్రభుత్వం ఇది ఈటీఏ అనే, ఆ దేశంలోని బాస్క్ ప్రాంతపు వేర్పాటువాదుల పని అంటూ వచ్చింది. నిజం దాస్తోందేమోనని జనానికి అనుమానం. శుక్రవారం దేశమంతటా కోటి మందికి పైగా వీధుల్లోకి వచ్చారు. శనివారం సాయంత్రం ఫోన్లలో మెసేజీలు తిరిగాయి, చివర 'పాసలో' అని. అంటే ఇంకొకరికి పంపించు అని. జనం అధికార పార్టీ ఆఫీసు ముందు చేరి 'చేసిందెవరు?' అని అరిచారు. ఆదివారం ఆ పార్టీ ఓడిపోయింది. తర్వాత వాళ్లూ రైలెక్కారు, కానీ నోరు కట్టేసుకుని కాదు.

పాతకేసు:
అడగడం మంచిదే. తొందరగా జవాబు కావాలి అంటేనే చిక్కు. లండన్‌లో 2005 జులై 7న మూడు మెట్రో రైళ్లలో, ఒక బస్సులో పేలుళ్లు జరిగి 52 మంది పోయారు. రెండు వారాల తర్వాత, జులై 22న, స్టాక్‌వెల్ స్టేషన్లో ఆగిన రైల్లో ఒక మనిషిని పోలీసులు కాల్చి చంపారు. బ్రెజిల్ నుంచి వచ్చిన ఎలక్ట్రీషియన్, పేరు జాన్ చార్లెస్ డి మెనెజెస్. ఏ సంబంధమూ లేని మనిషి. ఇక ముంబయి కేసు: 2015లో ప్రత్యేక కోర్టు 12 మందిని దోషులంది, అయిదుగురికి ఉరిశిక్ష విధించింది. 2025 జులైలో బాంబే హైకోర్టు అందరినీ నిర్దోషులుగా వదిలేసింది. సుప్రీంకోర్టు ఆ తీర్పును వేరే కేసుల్లో ఆధారంగా చూపొద్దంది గానీ, వాళ్లను మళ్లీ జైలుకు పంపలేదు. పందొమ్మిదేళ్లు. పోయినవాళ్ల ఇళ్లలో వాళ్లకు దక్కిందేమిటి, జైల్లో గడిపినవాళ్లకు దక్కిందేమిటి? దీన్ని స్పిరిట్ అనాలా?

అంధేరీ ఫాస్ట్:
రోజూ ఇక్కడ చదవడమే గానీ రాయను. ఇది చూశాక రాయాలనిపించింది. జులై 12 పొద్దున నేను అంధేరీలో ఎక్కాను. నెలజీతం గారన్నట్టే, ఆఫీసుకు వెళ్లక తప్పదు కాబట్టి. పెట్టె మామూలుకంటే ఖాళీ. ఎక్కిన ప్రతివాడూ ముందు పైన సామాన్ల ర్యాక్ చూసి, తర్వాత వంగి సీటు కింద చూసి, అప్పుడు కూర్చున్నాడు. పేకాట బ్యాచ్ ఉంది, పేక మాత్రం బయటికి తీయలేదు. తర్వాతి స్టేషన్లో ఒక కుర్రాడు ఎక్కాడు. ఇరవై ఏళ్లుంటాయి, గడ్డం, భుజాన నల్లబ్యాగు. ఎవరూ ఏమీ అనలేదు. ఒట్టేసి చెప్తాను, ఒక్క మాట కూడా అనలేదు. అందరం వాడి బ్యాగు వైపు చూశాం, అంతే. వాడు రెండు క్షణాలు నిలబడి, బ్యాగు ఒళ్లో పెట్టుకుని, జిప్ మొత్తం లాగి, తెరిచి మాకు కనబడేలా పట్టుకున్నాడు. స్టీలు టిఫిన్ డబ్బా, గొడుగు, ఒక స్పైరల్ నోట్‌బుక్.
ఆ రోజు మేమంతా రైలెక్కినవాళ్లమే, అందరినీ కలిపే పొగిడారు. కానీ మేం భయపడింది ఒక్క బాంబుకు. వాడు బాంబుకూ భయపడాలి, మాకూ భయపడాలి.

పట్టాలపక్క:
జిప్ తీశాక ఎవరైనా ఏమైనా అన్నారా?

అంధేరీ ఫాస్ట్:
ఒక పెద్దాయన 'ఫర్వాలేదు బాబూ' అన్నట్టు చెయ్యి ఊపాడు. అదే ఇంకా ఘోరంగా అనిపించింది, వాడేదో తప్పు చేస్తే క్షమించినట్టు.

కిటికీ సీటు:
మీరు?

అంధేరీ ఫాస్ట్:
నేను పేపర్ చదువుతున్నట్టు నటించాను. దాదర్‌లో దిగేదాకా ఆ జిప్ వాడు మళ్లీ వేసుకోలేదు.