విజయనగరంలో బళ్ల గోల లేకుండా సైకిల్ తొక్కే దారి ఉందా?

అందరికీ నమస్కారం. మా పాపకి పదేళ్లు. కొత్త సైకిల్ కొన్నాం గానీ, మూడు లాంతర్ల దగ్గర ఆటోల మధ్యలోకి దాన్ని ఎలా వదిలేది చెప్పండి? ప్రస్తుతానికి పొద్దున్నే అయ్యకోనేరు గట్టు మీద తిప్పుతున్నాను. కాస్త పొద్దెక్కిందా, వాకింగ్ వాళ్లు, స్కూల్ ఆటోలు, దారికి అడ్డంగా ఓ గేదె. బెల్లు కొడితే అది చెవి కూడా ఆడించదు.

ఇంగ్లండులో మిల్టన్ కీన్స్‌లో ఉంటున్న మా మరిది వీడియో కాల్‌లో వాళ్ల రెడ్‌వేలు చూపించాడు. 1967లో కొత్త ఊరుగా ప్రకటించి, ప్లాన్ వేసి కట్టిన ఊరది. నడకకీ సైకిళ్లకీ విడిగా ఎర్రటి దారులు, 300 కిలోమీటర్ల పైనే. పెద్ద రోడ్డు అడ్డొస్తే చాలాచోట్ల దాని కిందనుంచి దాటేస్తాయి. మనది కోట చుట్టూ పెరిగిన పాత ఊరు, అంత ఆశ నాకు లేదులెండి.

పెద్దచెరువు గట్టు మీద పిల్లల సైకిల్ నడుస్తుందా, చక్రం దిగబడుతుందా? రామతీర్థం వైపు మెయిన్ రోడ్డు వదిలేసి పొలాల్లోంచి పోయే దారి ఎవరైనా తొక్కారా? ఏ టైములో వెళ్తే మంచిది? కుక్కల సంగతి కూడా చెప్పండి. మా పాపకి లారీ కంటే కుక్కంటేనే హడల్.